బొగ్గులోళ్ల ఊపిరి

మా తాత బొగ్గులు కాల్చేవాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఒక జపాన్ యానిమే, అంటే కదిలే బొమ్మల సీరీస్ గురించి నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

సీరీస్ పేరు డీమన్ స్లేయర్, జపాన్ వాళ్ల పేరు కిమెత్సు నో యైబా. మా అక్క కొడుక్కి ఇప్పుడు పదమూడేళ్లు, నెల్లూరులో చదువుకుంటున్నాడు, రెండేళ్ల కింద దసరాకి వాళ్లింటికి పోతే వాడు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో ఇదే చూస్తా ఉన్నాడు. "ఏందిరా అది" అని పక్కన కూర్చున్నా. మొదటి ఎపిసోడ్ మళ్లీ చూస్తున్నాడంట, ఎన్నోసారో వాడికే తెలీదు. మంచు కొండ మీద ఒక ఇల్లు, ఒక పిల్లోడు బొగ్గుల బుట్ట వీపుకి తగిలించుకుని కిందున్న ఊరికి అమ్మడానికి బయల్దేరతా ఉంటాడు, వాడి మొహమంతా మసి, వాళ్లమ్మ దగ్గరికి పిలిచి గుడ్డతో ఆ మసి తుడుస్తుంది. అంతే సీన్. నిమిషం కూడా ఉండదు. నేను ఆ ఫోన్ వాడి చేతిలోంచి తీసుకుని ఆ నిమిషం రెండుసార్లు వెనక్కి తిప్పి చూశా, వాడేమో "మామా ఫైట్ ఇంకా రాలేదు, ముందుకి పోనీ" అంటాడు.

మా తాత బట్టీ దగ్గర్నుంచి వచ్చినప్పుడు మా అవ్వ ఇట్నే తుడిచేది, తడి తువ్వాలుతో, ముందు కళ్ల చుట్టూ. సెలవుల్లో నేనూ తాతతో పోయేవాణ్ణి కాబట్టి నాకూ తుడిచేది. ఐదో క్లాసులో నన్ను "బొగ్గోడా" అని పిలిచేవాళ్లు, ఒక సారు కూడా అట్నే పిలిచాడు ఒకసారి అందరి ముందు, క్లాసంతా నవ్వారు. ముప్పై ఏళ్లయింది, ఆ నవ్వు నాకింకా వినపడతానే ఉంటుంది. అట్టాంటిది ప్రపంచం మొత్తం చూస్తున్న సీరీస్‌లో హీరో బొగ్గులమ్మే పిల్లోడు, పేరు కమాడో తంజిరో. ఆ ఇంటిపేరులో ఉన్న 'కమా'కి పొయ్యి అనే అర్థం కూడా ఉంది. నేను ఆ రాత్రికే ఆరు ఎపిసోడ్లు చూశా.

తెలియని వాళ్ల కోసం కథ గబగబా చెప్పేస్తా. మంగా, అంటే బొమ్మల కథ, గీసింది కొయొహారు గొతోగే, 2016 నుంచి 2020 వరకు వారపత్రికలో వచ్చింది, 205 చాప్టర్లు, 23 పుస్తకాలు. దాన్ని 2019 ఏప్రిల్‌లో యూఫోటేబుల్ అనే స్టూడియో సీరీస్‌గా తీసింది. కథ జరిగేది తైషో కాలంలో, అంటే 1912 నుంచి 1926 మధ్య. తంజిరో ఊర్లో బొగ్గులమ్మి తెల్లారి ఇంటికి వస్తే ఇంట్లోవాళ్లందర్నీ రాక్షసుడు చంపేసి ఉంటాడు, ఒక్క చెల్లి నెజుకో మిగుల్తుంది, ఆ పిల్ల కూడా రాక్షసిగా మారిపోయి ఉంటుంది. చెల్లిని మళ్లీ మనిషిని చేసుకోవాలని వీడు కత్తి పడతాడు. ఆ రాక్షసులు సూర్యుడి ఎండకి చస్తారు, లేకపోతే ప్రత్యేకమైన లోహంతో చేసిన కత్తితో తల నరికితే చస్తారు. నరికే వాళ్ల బలమంతా ఊపిరిలో ఉంటుంది, నీటి శ్వాస, నిప్పు శ్వాస, ఉరుము శ్వాస, ఇట్టా ఒక్కొక్కరికి ఒక పద్ధతి.

ఎక్కడ ఎవరితో దీని గురించి మాట్లాడినా రెండే మాటలు వస్తాయి. మా బావ లాంటి వాళ్లు "బొమ్మలు కాబట్టి పిల్లలు చూస్తారు, రక్తం తప్ప ఏముంది దాన్లో" అంటారు. కుర్రోళ్లేమో "గ్రాఫిక్స్ అబ్బా, ఆ స్టూడియో పనితనం, కథదేముంది మామూలే" అంటారు. రెండూ నేను ఒప్పుకోను. గ్రాఫిక్స్ గొప్పవే, తంజిరో కత్తి తిప్పితే పాత జపాన్ చెక్క అచ్చుబొమ్మల్లో ఉండే అలల్లాగా నీలం నీళ్లు సుడి తిరుగుతాయి, చూడ్డానికి రెండు కళ్లు చాలవు. అందం ఒక ఎపిసోడ్‌కి జనాన్ని కూర్చోబెడుతుంది. చెల్లెలి పెళ్లి పనుల్లో ఉన్న నా ఫ్రెండు ఒకడు తెల్లారుజామున రెండింటికి ఫోన్ చేసి ఏడ్చాడు, ఒక పాత్ర చచ్చిపోయిందని. అలలు బాగున్నాయని ఎవడూ ఏడవడు కదా.

నా మాట ఏందంటే, ఈ సీరీస్‌లో బలం ఆకాశంలోంచి ఊడిపడదు, వంశంలోంచి కూడా రాదు, పని చేసే ఇంట్లో రోజూ చేసే పనిలోంచి వస్తుంది. రాక్షసులు, మాయలు అన్నీ ఉన్నా సరే హీరోకి పనికొచ్చేది మాత్రం వాళ్ల నాయన బొగ్గుల పొయ్యి దగ్గర నేర్పిందే. మనలాంటి ఇళ్లల్లోంచి వచ్చినవాళ్లకి అది తెలియకుండానే లోపల తగుల్తుంది, అందుకే వదల్లేకపోతాం.

ఇది ఊరికే అనడం లేదు, ఒక్కొక్కటి చూపిస్తా, ముందు ముక్కు. తంజిరోకి వాసన పట్టే శక్తి ఉంటుంది, మొదటి ఎపిసోడ్‌లోనే ఊర్లో ఒకతన్ని పళ్లెం పగలగొట్టావని తిడుతుంటే వీడు ఆ ముక్కలు వాసన చూసి పిల్లి పని అని తేల్చేస్తాడు. తర్వాత రాక్షసుడితో కొట్లాడేటప్పుడు ఎక్కడ నరకాలో కూడా వాసన ద్వారానే తెలుస్తుంది, గాల్లో ఒక దారం బిగుసుకున్నట్టు కనిపిస్తుంది వాడికి. యానిమే చూసేవాళ్లు దాన్ని సూపర్ పవర్ అంటారు. నాకు మాత్రం మా తాత కనిపించాడు.

మాది కలిగిరి దాటినాక మెట్టలో ఒక ఊరు. నెల్లూరంటే అందరికీ మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు గుర్తొస్తాయి, అది పెన్నా నీళ్లు పారే వైపు. మా వైపు వాన పడితే కంది, పడకపోతే చిల్లకంప. ఆ చిల్లకంపే మా తాతకి ఆధారం. కంప కొట్టి, మొద్దులు తవ్వి, సైజులవారీగా కుప్ప పేర్చి, పైన పచ్చాకు కప్పి, దాని మీద బురదమట్టి మెత్తి, ఒక పక్క నుంచి నిప్పు పెడతారు. గాలి కొంచెమే పోవాలి. ముందు తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, అది కర్రలో నీళ్లు ఆవిరై పోయేది. తర్వాత పొగ పల్చబడి నీలంగా తిరుగుతుంది. అప్పుడు బొక్కలన్నీ మట్టితో మూసేసి చల్లారే దాకా ఆగాలి, తొందరపడి తెరిస్తే లోపల కణకణ ఉన్నది గాలి తగిలి భగ్గున లేస్తుంది. అసలు గండం రాత్రిపూట. మట్టి ఎండి ఎక్కడో నెర్రె ఇచ్చిందనుకోండి, గాలి లోపలికి పోయి బొగ్గు కావాల్సిన కర్రంతా తెల్లారేసరికి బూడిద. ఐదు పాళ్లు కర్ర పెడితే ఒక పాలు బొగ్గు వస్తుందని తాత లెక్క, ఆ ఒక్క పాలు కూడా పోతే పది రోజుల కష్టం పోయినట్టే. అందుకని రాత్రంతా కాపలా. తాత పక్కనే గోతం పరుచుకుని పడుకునేవాడు, నిద్రలో ఉండి కూడా నెర్రె ఇస్తే లేచేవాడు, చీకట్లో పొగ రంగు ఏం కనిపిస్తుంది, వాసనే. "ఎట్టా తెలిసింది తాతా" అంటే "ముక్కు నిద్రపోదు అబ్బయ్యా" అన్నాడు. నేను చూసిన మొదటి సూపర్ పవర్ అది.

రెండోది ఊపిరి. తంజిరో ట్రైనింగ్ ఎపిసోడ్లు చాలామంది స్కిప్ చేస్తారు, చెయ్యొద్దు. కొండ మీద ఉరొకొదాకి అనే గురువు వాణ్ణి ఏడాది పాటు ఉచ్చులు పెట్టిన అడివిలో కిందికీ మీదికీ పరిగెత్తిస్తాడు, ఆనక ఒక బండరాయి చూపించి దీన్ని కత్తితో నరుకు అని వెళ్లిపోతాడు, ఇంకేం నేర్పడు. ఆరు నెలలైనా రాయి తెగదు. ఇంకో ఆరు నెలలు పడుతుంది. మొత్తం రెండేళ్లు. ఒక మంత్రం చెవిలో ఊది పంపించే గురువులు మన కథల్లో బోలెడంత మంది, ఈయన మాత్రం పనిచెప్పి పంపించాడు. తర్వాత ఇంకో చోట ఎండిన సొరకాయ బుర్రలు ఊదిస్తారు, గాలి ఊది ఊది ఆ బుర్ర పగలాలి, చిన్నదాంతో మొదలుపెట్టి మనిషంత బుర్ర దాకా పోవాలి. రాత్రి నిద్రలో కూడా ఆ ఊపిరి పద్ధతి ఆగకూడదు, ఆగితే లేపి కొడతారు. మా ఊరి బావిలో ఈత నేర్చుకునేటప్పుడు సొరకాయ బుర్రలు నడుముకి కట్టేవాళ్లు కాబట్టి నాకు ఆ బుర్ర ఎంత గట్టిదో తెలుసు, అది ఊదితే పగలడమనేది కథే, కానీ రోజూ ఊదుతా ఊదుతా ఛాతీ పెరగడం కథ కాదు.

ఊపిరే బలం అనేది మనకి కొత్త కాదు. చెడుగుడులో కూత ఆగితే ఔట్, ఎంత బలిసినోడైనా ఊపిరి లేకపోతే గీత దాటి వెనక్కి రాలేడు. మా ఊర్లో బక్కగా ఉండే ఒకాయన, గొర్రెలు కాసుకునేవాడు, ఒక్క కూతతో నలుగుర్ని తాకి వచ్చేవాడు. జపాన్ వాళ్ల కెండో అనే కత్తి ఆటలో దెబ్బ తగిల్తే సరిపోదు, గట్టిగా అరుపు కూడా రావాలి, మనసు, కత్తి, ఒళ్లు మూడూ ఒక్కటైతేనే ఆ పాయింటు. అంటే ఈ సీరీస్‌లో శ్వాస అనేది గాల్లోంచి పుట్టించిన మాయ కాదు, కొట్లాట తెలిసినవాళ్లందరికీ తెలిసిన విషయాన్నే పదింతలు చేసి చూపించారు. ఆ నీళ్లూ నిప్పులూ కూడా కత్తిలోంచి నిజంగా రావు, అది వాళ్ల కదలిక చూసేవాళ్ల కంటికి కట్టే తీరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పందొమ్మిదో ఎపిసోడ్, 2019 ఆగస్టులో వచ్చింది, ఈ సీరీస్‌కి అంత పేరు రావడానికి అదే కారణం అంటారు. రుయి అనే సాలెపురుగు రాక్షసుడితో తంజిరో కొట్లాడుతూ ఉంటాడు, కత్తి విరిగిపోతుంది, నేర్చుకున్న నీటి శ్వాస సరిపోదు, చావు కళ్ల ముందుకొస్తుంది. అప్పుడు వాళ్ల నాయన గుర్తొస్తాడు. నాయన తంజురో జబ్బుమనిషి, ఎప్పుడూ పక్క మీదే, సన్నగా పుల్లలాగా ఉంటాడు. కానీ ప్రతి ఏడు కొత్త సంవత్సరం మొదట్లో, మంచులో, చీకటి పడ్డప్పటి నుంచి తెల్లారేదాకా అగ్నిదేవుడికి నాట్యం చేస్తాడు, ఇంటికి ఏ చెడూ జబ్బూ రాకూడదని. ఆ జబ్బుమనిషి అంతసేపు ఎట్టా ఆడతాడు అని చిన్న తంజిరో అమ్మనడుగుతాడు. ఎంత కదిలినా అలసిపోకుండా ఉండే ఊపిరి పద్ధతి ఒకటి ఉందని తర్వాత నాయనే చెప్తాడు. ఆ జ్ఞాపకంతో వాడు కత్తిని నీళ్లలోంచి నిప్పులోకి తిప్పుతాడు. వాణ్ణి కాపాడింది నాయన ఆట. దేవుడి ముందు రాత్రంతా ఆడే ఇట్టాంటి కగురా జపాన్‌లో నిజంగానే ఉంది, తకచిహొ అనే ఊరి వైపు చలికాలంలో తెల్లార్లూ 33 ఆటలు ఆడతారు. మా వైపు పోలేరమ్మ కొలుపులో పంబ వాయించే వాళ్లు ఒక రాత్రంతా ఆగకుండా వాయించడం చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడి నుంచి మంగా చివరి భాగాల్లోది చెప్తున్నా, యానిమే మాత్రమే చూస్తున్నవాళ్లు రెండు పేరాలు వదిలేసి కిందికి పొండి. ఆ నాట్యం నిజానికి అన్ని శ్వాసలకీ తల్లి లాంటి సూర్య శ్వాస అని తర్వాత తెలుస్తుంది. దాన్ని కనిపెట్టింది వందల ఏళ్ల కిందటి యొరిఇచి అనే మహావీరుడు. నేను అక్కడికొచ్చేసరికి భయపడ్డా, అయిపోయింది, ఇప్పుడు ఈ బొగ్గులోడు ఆ వీరుడి వంశమే అని తేలుస్తారు, మన సినిమాల్లో జరిగినట్టు చివర్లో హీరో రాజుగారి బిడ్డ అయిపోతాడు అనుకున్నా. కాలేదు. తంజిరో వాళ్ల పూర్వీకుడు సుమియోషి ఒక బొగ్గులు కాల్చేవాడు, యొరిఇచి వాళ్లింటికి అప్పుడప్పుడు వచ్చి టీ తాగి పోయేవాడు, అంతే చుట్టరికం. వాళ్లావిడ అడిగితే ఆయన ఒకసారి ఆ కత్తి విద్య మొత్తం ఆడి చూపించాడు, సుమియోషి కళ్లార్పకుండా చూశాడు, చూసింది గుర్తుపెట్టుకుని నాట్యంగా కొడుక్కి నేర్పాడు, ఆ కొడుకు వాడి కొడుక్కి. కత్తి పట్టడం రానివాడు కత్తి విద్యని దాచాడు. మరి ఆ వీరుడి రక్తం పంచుకుని పుట్టిన అన్న ఏమయ్యాడు? తమ్ముడిలాగా కాలేకపోయానన్న కుళ్లుతో రాక్షసుడైపోయాడు. ఏకలవ్యుడు కూడా ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు, మనం ఆయన బొటనవేలు అడిగాం. ఇక్కడ చూసి నేర్చుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు, పైగా చివరికి లోకం నిలబడింది వాడు దాచిపెట్టినదాని మీదే. చిన్నప్పుడు ఏకలవ్యుడి పాఠం చదివి పుస్తకం మూసేసిన నాకు ఇది ఎంత పెద్ద విషయమో చెప్పలేను.

ఇంకోటుంది. ఆ నాట్యంలో పన్నెండు అడుగులు. పదమూడోది ఒకటుందని, అది తెలిస్తేనే పెద్ద రాక్షసుడు ముజాన్‌ని ఆపొచ్చని తంజిరో వెతుకుతాడు. చివరికి ఆ పదమూడోది ఏందంటే, పన్నెండో దాన్ని మళ్లీ మొదటి దానికి కలిపి ఆపకుండా చేస్తా పోవడమే. తెల్లారేదాకా. ఎండ పడితే వాడు చస్తాడు, అప్పటిదాకా వాణ్ణి కదలనీయకూడదు. అంటే జబ్బుతో ఉన్న నాయన ఏటేటా మంచులో చేసింది అదే. ఇది చదివిన రోజు నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు బయట కూర్చున్నా. తెల్లారేదాకా బట్టీ పక్కన లేచి పడుకుని లేచి పడుకుని ఉండే మనిషి నా కళ్ల ముందు తిరిగాడు.

ఇంక ఇది చెప్పకపోతే నేను రాసింది సగమే. మా తాత ఊపిరితిత్తులు పాడై పోయాడు. నలభై ఏళ్ల పొగ. ముందు దగ్గు, ఆనక నెమ్ము, ఆనక నాలుగడుగులేస్తే ఆయాసం. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పెట్టాం. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది, మూడు గొట్టాలు, మూడు రంగు బంతులు, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. తాత ఒక బంతి లేపేవాడు. రెండోది కదిలేది, లేచేది కాదు. రోజుకి పదిసార్లు, సరిగ్గా టైముకి, ఎవరూ చెప్పకుండానే చేసేవాడు, పని కింద లెక్క ఆయనకి అది. నెల రోజులు చేశాడు. రెండో బంతి లేవలేదు. తంజిరో సొరకాయ బుర్ర ఊదే ఎపిసోడ్ మా మేనల్లుడు నవ్వుతా చూస్తున్నాడు, అది నవ్వుకునేదే నిజానికి, నేను లేచి పక్క గదిలోకి పోయా. బొగ్గు పొగ మా తాత దగ్గర్నుంచి తీసుకుపోయింది ఊపిరి. బొగ్గులోడి కొడుక్కి ఊపిరిని ఆయుధంగా ఇవ్వాలని ఆ గీసినవాళ్లకి ఎందుకనిపించిందో, ఎవరు నేర్పారో, వాళ్ల మొహం కూడా లోకానికి తెలీదు, కళ్లజోడు పెట్టుకున్న మొసలి బొమ్మగా గీసుకుంటారు తమని. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

2025 సెప్టెంబర్‌లో ఇన్ఫినిటీ క్యాజిల్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో వచ్చింది. మా మేనల్లుణ్ణి తీసుకుని పోయా. హాలు నిండా కుర్రోళ్లు, కొందరు ఆ గళ్ల చొక్కాలేసుకుని, పచ్చా నలుపూ, తంజిరో వేసుకునేది. విజిల్స్, అరుపులు. ఆ సినిమాలో పెద్ద ఫైటు తంజిరోకీ అకాజాకీ. అకాజా అంటే, రైలు సినిమాలో రెంగొకుని చంపినవాడు, రైల్లో ఉన్న 200 మందిలో ఒక్కరు కూడా పోకుండా కాపాడి తను పోయిన రెంగొకుని. కాబట్టి హాలు మొత్తానికి వాడి మీద కసి. తల తెగగానే పైకప్పు ఎగిరిపోయేంత అరిచారు. అరుపు ఆగకముందే వాడి పాత కథ మొదలైంది.

వాడు ఒకప్పుడు హకుజి అనే పిల్లోడు. నాయన మంచాన పడితే మందులకి డబ్బుల్లేక జేబులు కొట్టేవాడు. దొరికితే కొట్టి చేతికి గీత పచ్చబొట్టు పొడిచేవాళ్లు, ఎడో అనే పాత జపాన్ కాలంలో దొంగలకి అట్టా గుర్తు వేసే శిక్ష నిజంగానే ఉండేది. మూడు గీతలు పడ్డాయి. తన కోసం కొడుకు దొంగ అవుతున్నాడని ఆ నాయన ప్రాణం తీసుకున్నాడు. హాల్లో ఒక్క విజిల్ లేదు. మా తాత కూడా మందుల చీటీ చూసి "ఇంత పెట్టొద్దు నాయనా, ఇంటికి తోలకపొండి" అన్నాడు. పీల్చే మందు డబ్బా ఖాళీ అవుతుందని రెండు పూటలది ఒక పూటే పీల్చేవాడని మాకు తర్వాత తెలిసింది. కాబట్టి ఆ తెర మీద నాకు కనిపించింది హీరో, విలన్ కాదు, ఇద్దరు జబ్బు నాయనల కొడుకులు. ఒకడికి నాయన నుంచి రాత్రంతా ఆడే ఊపిరి వచ్చింది, ఇంకోడికి మూడు గీతలు వచ్చాయి. రెండోవాణ్ణి మళ్లీ మనిషిని చేసిన ఒక గురువూ ఆయన కూతురూ ఉన్నారు, వాళ్లని కూడా బావిలో విషం కలిపి ఎవరో చంపేశారు, ఆ తర్వాతే వాడు రాక్షసుడయ్యాడు. వాడు యుద్ధానికి నిలబడితే కాళ్ల కింద మంచు పువ్వు గుర్తు వస్తుంది, ఆ అమ్మాయి జడలో పెట్టుకునే ఆకారం అది, వాడికే గుర్తులేదు, ఒంటికి గుర్తుంది. మా వాడు చీకట్లో నా చెయ్యి పట్టుకున్నాడు, "మామా వాణ్ణి నేను తిట్టుకున్నా కదా" అన్నాడు మెల్లగా.

రక్తం తప్ప ఏముంది అన్నవాళ్లకి నేను చూపించేది ఇదే. తల తెగిన రాక్షసుడి చెయ్యి తంజిరో పట్టుకుంటాడు. రుయి చచ్చి బూడిదైపోతుంటే వాడి వీపు మీద చెయ్యేస్తాడు, తనకంటే పెద్ద కత్తివీరుడు ఒకడు వచ్చి ఆ చొక్కా మీద కాలేసి తొక్కితే కాలు తియ్యమంటాడు, వీళ్లు కూడా నాలాంటి మనుషులే ఒకప్పుడు అని. మనకిది తెలియని ధర్మమేం కాదు, జయవిజయుల కథ విని పెరిగినవాళ్లం, రాక్షసుడి వెనక శాపం ఉంటుందని మనకి తెలుసు. తేడా ఏందంటే మన కథల్లో ముందే ఎవరో ముని చెప్పేస్తాడు, ఇక్కడ మనం చప్పట్లు కొట్టినాక చెప్తారు. కొట్టిన చేతులు ఏం చెయ్యాలో తెలీక అట్నే ఉండిపోతాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తంజిరో కొట్లాడేటప్పుడు మనసులో మాట్లాడుకునే మాటలు మరీ ఎక్కువ, కత్తి గాల్లో ఉండగా అరపేజీ చెప్తాడు. జెనిత్సు అనే పిల్లోడు ఆడపిల్లల వెంటపడి పెళ్లి చేసుకో అని ఏడవడం నాకు అస్సలు నచ్చదు, అది సరదాగా చూపించాల్సింది కాదు. ఎనిమిదేళ్లు తొమ్మిదేళ్ల పిల్లలకి ఫోనిచ్చి ఇది పెట్టొద్దు, ఆ మొదటి ఎపిసోడ్‌లో ఇంటి గడప దగ్గరి రక్తం చాలు వాళ్లకి రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడానికి. మా అక్క ఈ విషయంలో నాతో గొడవపడింది, ఆమె మాటలో న్యాయం ఉంది, చిన్నదానికి చూపించడం మానేశాం. పెద్దోడితో మాత్రం నేను కూర్చునే చూస్తా, ఆపి మాట్లాడుకుంటాం. వాళ్ల నాన్న కూడా ఒక్కరోజు కూర్చుంటే బాగుండనిపిస్తుంది.

సినిమా నుంచి వచ్చినాక వాడు రోజూ ఒకటే అడగడం, ముత్తాత బట్టీ చూపించు అని. ఆ బట్టీ ఎక్కడుంది, ఆ చేను ఎప్పుడో అమ్మేశాం, దాన్లో ఇప్పుడు బత్తాయి చెట్లున్నాయి. కానీ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చెరువు అవతల ఇంకా కాలుస్తున్నారని తెలిసి తీసుకుపోయా. ఒక ముసలాయన, ఆయన భార్య, నాలుగు కుప్పలు. ఒకటి తెల్లగా పొగ వదుల్తా ఉంది, ఒకటి మూసేసి ఉంది. మా తాత పేరు చెప్తే గుర్తుపట్టాడు, కూర్చోమని గోతం పరిచాడు. మావాడు వెంటనే "తాతా ఇది అయిపోయిందని వాసనతో తెలుస్తుందంట కదా" అన్నాడు. ఆయన వాణ్ణి చెయ్యి పట్టుకుని గాలి వచ్చే వైపు నిలబెట్టి, "ఇటుండు, పొగ మీదికి పోబాక, ఈడ్నుంచి చూడు" అని ముందు తెల్లపొగది, తర్వాత మూసిందాని నెర్రె దగ్గర కొంచెం మట్టి వేలితో తీసి దాన్నీ చూపించాడు. వాడు కళ్లు మూసుకుని పీల్చాడు. మొదటిది తడి గడ్డి లాగుంది, రెండోది కొంచెం తియ్యగా, మందు లాగుంది అన్నాడు. ముసలాయన వేలితో ఆ బొక్క మళ్లీ మూసేసి, తడిమట్టి తెచ్చి అరచేత్తో మెత్తాడు. అప్పుడే ఆయనకి దగ్గు తెర వచ్చింది, చాలాసేపు ఆగలేదు, ఆమె చెంబు తెచ్చింది. నేను నా ఫోన్లో చూసి మాకు తెలిసిన ఊపిరితిత్తుల డాక్టరు నెంబరు రాసిచ్చి, ఈ వారంలో నెల్లూరుకి రండి, నేను దగ్గరుండి చూపిస్తా అని చెప్పా. బట్టీ తెరిచినాక వస్తా అన్నాడు.